ఎడారిలో వేడినీళ్ళు: ఆస్ట్రేలియాలోని డల్హౌసీ ఊటలు

మన హాస్టల్లో చదివినవాళ్ళెవరికైనా చలికాలం అనగానే మొదట గుర్తొచ్చేది తొట్టి దగ్గరి స్నానం. తెల్లవారుజామున అయిదింటికి బెల్లు కొడతారు. రాత్రంతా మంచు కురిసిన సిమెంటు తొట్టిలోంచి మొదటి చెంబు నెత్తిన పోసుకునేటప్పుడు ఎంతటి మొనగాడైనా ఒక కేక వేస్తాడు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అయిదేళ్ళు నేనూ అలాగే కేకలు వేశాను. వేడినీళ్ళంటే జ్వరం వచ్చినవాడికి వంటగది వెనక కాచి ఇచ్చేవి అనుకునేవాళ్ళం. వాటి కోసం లేని జ్వరం తెచ్చుకున్నవాళ్ళు కూడా మా బ్యాచిలో ఉన్నారు. పేర్లు చెప్పను, ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు.

అలాంటి నేను 2019 జూలైలో ఆస్ట్రేలియా నడిబొడ్డున ఒక ఎడారి అంచున వేడినీటి మడుగులో మెడదాకా దిగి కూర్చున్నాను. ఎవరూ కాచకుండా, ఎవరూ తోడకుండా రాత్రింబగళ్ళు పొంగే నీళ్ళవి. నేను చదివింది భూగర్భశాస్త్రం, అప్పట్లో పని చేస్తున్నది అడిలైడ్ నగరంలో. కాబట్టి హాయిగా కూర్చోవలసిన చోట కూర్చోకుండా ఈ నీళ్ళు ఎక్కడివి, ఎప్పటివి, ఎంతకాలం వస్తాయి అని ఆలోచిస్తూ ఉండిపోయాను. తమ్ముళ్ళారా, ఆ ఆలోచనే ఈ వ్యాసం.

దారి

దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రానికి అడిలైడ్ రాజధాని. అది సముద్రం ఒడ్డున ఉంది. అక్కడినుంచి ఉత్తరానికి రోడ్డు మీద సుమారు 1,200 కిలోమీటర్లు పోతే విట్జిరా నేషనల్ పార్క్ వస్తుంది. పార్కు అంటే పూలమొక్కలు, ఉయ్యాలలు అనుకోకండి. 7,000 చదరపు కిలోమీటర్లకు పైబడిన రాళ్ళ నేల, ఇసుక, ఎండిన వాగులు. తూర్పున సింప్సన్ ఎడారి మొదలవుతుంది. ఆ ఎడారిలో ఎర్రటి ఇసుక దిబ్బలు ఒకదాని పక్కన ఒకటి దుక్కి చాళ్ళలాగా సమాంతరంగా ఉంటాయి, లెక్కకు 1,100 పైచిలుకు. 2021లో దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం తన పరిధిలోని సింప్సన్ ఎడారి భాగాన్ని కూడా ముంగ-తిర్రి అనే ఆదివాసీ పేరుతో కలిపి నేషనల్ పార్కుగా ప్రకటించింది. అది సుమారు 36,000 చదరపు కిలోమీటర్లు. ఆ రాష్ట్రంలో అంతకన్నా పెద్ద పార్కు లేదు.

మేం ముగ్గురం మిత్రులం ఒక ఫోర్ వీల్ జీపు అద్దెకు తీసుకుని బయలుదేరాం. తారు రోడ్డు కూబర్ పీడీ దాకా ఉంది. ఓపల్ రాళ్ళు తవ్వే ఆ ఊళ్ళో ఎండకు తాళలేక జనం నేలలో తొలిచిన ఇళ్ళలో ఉంటారు. అక్కడినుంచి మట్టిదారి పట్టి ఊడ్నదత్త చేరాలి. ఈ ఊరి పేరు గుర్తుంచుకోండి. 1960 జనవరి 2న ఇక్కడ నమోదైన 50.7 డిగ్రీలు ఆస్ట్రేలియా ఖండంలో అత్యధిక ఉష్ణోగ్రత. 2022లో పశ్చిమ తీరంలోని ఆన్స్‌లో దానితో సమానమైంది కానీ దాటలేదు.

ఊడ్నదత్త నుంచి ఊటల దాకా ఇంకా 180 కిలోమీటర్లు. ఈ దారంతా గిబ్బర్ అనే రాళ్ళు పరిచి ఉంటాయి. గాలి, ఇసుక కలిసి వేల ఏళ్ళు నునుపు చేసిన ఎర్రటి గులకరాళ్ళు అవి. నునుపుగా కనిపిస్తాయి కానీ విరిగిన అంచు కత్తిలా ఉంటుంది. ఇలాంటి దారిలో టైర్లలో గాలి తగ్గించి, నెమ్మదిగా నడపాలి. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసీ బద్ధకించి తారు రోడ్డు గాలితోనే పోనిచ్చాం. సగం దారిలో వెనక టైరు పక్కగోడ చీలిపోయింది. ఉన్న ఒక్క స్పేరు టైరు బిగించి, మిగిలిన వాటిలో గాలి తీసి, గంటకు నలభైకి మించకుండా పోయాం. ఫోను సిగ్నల్ లేదు. రెండో టైరు పోతే ఎవరైనా వచ్చేదాకా ఆ రాళ్ళ మీదే కూర్చోవాలి. ఆ మిగిలిన తొంభై కిలోమీటర్లు మా ముగ్గురిలో ఎవరూ పాట పెట్టమనలేదు.

సాయంత్రానికి దూరంగా పచ్చటి గీత ఒకటి కనిపించింది. రోజంతా ఎరుపు తప్ప మరో రంగు చూడని కళ్ళకు మొదట నమ్మకం కుదరలేదు. దగ్గరికి పోయేసరికి తెల్ల బెరడు చెట్లు, రెల్లు గడ్డి, వాటి మధ్య నల్లగా మెరిసే నీళ్ళు. రాత్రి చలికి నోట్లోంచి పొగలు వస్తుంటే నీటి మీదినుంచీ పొగలు వస్తున్నాయి. ప్రధాన మడుగులో నీరు 34 నుంచి 38 డిగ్రీల వేడి ఉంటుంది, అంటే దాదాపు మన ఒంటి వేడి. కొన్ని ఊటల్లో నీరు 40 డిగ్రీలు కూడా దాటుతుంది. అలాంటి ఊటలు ఆ చుట్టుపక్కల 60కి పైగా ఉన్నాయి.

నీళ్ళు ఎందుకు పొంగుతాయి, ఎందుకు వేడెక్కుతాయి

వేడినీటి ఊట అనగానే కింద అగ్నిపర్వతం ఉందనుకుంటారు. ఇక్కడ అగ్నిపర్వతం లేదు. జరుగుతున్నది వేరు.

ఆస్ట్రేలియా తూర్పు తీరం పొడవునా గ్రేట్ డివైడింగ్ రేంజ్ అనే పర్వతాల వరస ఉంది. అక్కడ కురిసిన వానలో కొంత ఇసుకరాయి పొరలోకి ఇంకుతుంది. ఇసుకరాయి అంటే గట్టిపడిన ఇసుకే, రేణువుల మధ్య సందులుంటాయి, నీరు వాటిలోంచి పాకుతుంది. ఈ పొర పర్వతాల దగ్గర పైకి తేలి ఉండి, పడమరకు వాలుతూ పోయి ఖండం కింద పెద్ద పళ్ళెంలా పరుచుకుంది. దాని పైన షేల్ అనే బంకమట్టి రాయి మూతలాగా కప్పి ఉంది. మూత లోంచి నీరు పైకి రాలేదు. దీన్నే గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అంటారు. విస్తీర్ణం 17 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే 2.75 లక్షలే. అంటే ఆరు రెట్లకు పైగా.

ఇప్పుడు మన హాస్టల్ డాబా మీది ట్యాంకు గుర్తు చేసుకోండి. ట్యాంకు ఎత్తులో ఉంది, కుళాయి కింద ఉంది. మోటారు లేకపోయినా కుళాయి తిప్పగానే నీరు ఎందుకు దూకుతుంది? పైనున్న నీటి బరువు తోస్తోంది కాబట్టి. తూర్పు పర్వతాలే ఈ బేసిన్‌కు డాబా మీది ట్యాంకు. ఇసుకరాయి పొరే పైపు. డల్హౌసీ దగ్గర భూమి పొరలు విల్లులా పైకి వంగి, పగుళ్ళు పడి, మూత పలచబడింది. అక్కడ నీరు తనంతట తానే పైకి వస్తోంది. అదే కుళాయి.

వేడి సంగతి ఇంకా సులువు. భూమిలోకి కిలోమీటరు దిగితే మామూలుగా 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. ఈ బేసిన్ లోతు కొన్నిచోట్ల 3,000 మీటర్లు. అంత లోతున ప్రయాణించిన నీరు వేడెక్కక ఏమవుతుంది? క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని బర్డ్స్‌విల్ ఊళ్ళో 1,200 మీటర్ల పైచిలుకు లోతు బోరులోంచి 98 డిగ్రీల నీరు వచ్చేది. దానితో చిన్న విద్యుత్ కేంద్రం కూడా నడిపారు, 2018లో ఆపేశారు.

ఇక లెక్క చేయండి. ఈ పొరలో నీరు ఏడాదికి 1 నుంచి 5 మీటర్లు మాత్రమే కదులుతుంది. తూర్పు పర్వతాల నుంచి బేసిన్ నైరుతి కొసకు వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. వెయ్యి కిలోమీటర్లంటే 10 లక్షల మీటర్లు. ఏడాదికి 5 మీటర్ల చొప్పున 2 లక్షల ఏళ్ళు, ఒక మీటరు చొప్పున 10 లక్షల ఏళ్ళు. కొన్నిచోట్ల నీటి వయసు 20 లక్షల ఏళ్ళ దాకా ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. పడమటి అంచున ఫింక్ నది ఇసుకలోంచి ఇంకే నీరు కూడా కొంత ఉంది కానీ అది తక్కువ. నా మెడ చుట్టూ ఉన్న నీటిలో ఎక్కువ భాగం వానగా కురిసినప్పుడు మనలాంటి మనిషే ఇంకా భూమ్మీద లేకపోయి ఉండవచ్చు.

మన దగ్గరా ఇలాంటివి లేకపోలేదు. భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున ఇసుక తోడితే వేడినీళ్ళు వచ్చే ఉష్ణగుండం ఉంది. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోర్లలోంచి వేడినీరు మోటారు లేకుండా పైకి వస్తోంది. గోదావరి లోయలోనూ ఇసుకరాయి పొరలే ఉన్నాయి మరి. ఖమ్మం వైపు తమ్ముళ్ళు సెలవుల్లో చూసి రావచ్చు. ఆస్ట్రేలియా దాకా పోనక్కర్లేదు.

కుళాయిలు తెరిచి వదిలేస్తే

మన హాస్టల్లో పొద్దున అందరూ ఒక్కసారే కుళాయిలు తిప్పితే చివరి కుళాయి దగ్గర నిలబడినవాడి గతి ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. నీరు అయిపోలేదు, ట్యాంకులో ఉంది. కానీ తోపుడు పోయింది. చివరి కుళాయి సన్నగా కారి ఆగిపోతుంది. సరిగ్గా ఇదే ఆ బేసిన్‌లో జరిగింది.

1878లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో బర్క్ అనే ఊరి వైపు ఒక పశువుల ఎస్టేటులో మొదటి బోరు వేశారు. నీరు దానంతట అదే ఎగదన్నింది. ఎండకు గొర్రెలు చచ్చే నేలలో అంతకన్నా వరం ఏముంటుంది? వేలకొద్దీ బోర్లు పడ్డాయి. మూతలు పెట్టలేదు. బోరు నోటి నుంచి మట్టి కాలువలు మైళ్ళకొద్దీ తవ్వి నీటిని పారనిచ్చారు. ఆ కాలువల్లో 95 శాతం దాకా ఇంకి, ఆవిరై పోయేది. 1915 నాటికి బేసిన్ మొత్తం మీద రోజుకు 200 కోట్ల లీటర్ల చొప్పున నీరు బయటికి పోయింది. లోపలి ఒత్తిడి పడిపోయింది. క్వీన్స్‌లాండ్‌లో, న్యూ సౌత్ వేల్స్‌లో ఎన్నో సహజ ఊటలు ఎండిపోయాయి. వాటిని నమ్ముకున్న పురుగూ పుట్రా పోయాయి. బోరు ఒకచోట, ఎండిన ఊట ఇంకోచోట. మధ్యలో పదుల కిలోమీటర్లు. ఎవడి వల్ల ఎవడిది పోయిందో కంటికి కనిపించదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది అనంతపురం జిల్లా. చీనీ తోట కోసం మా నాన్న మూడు బోర్లు వేయించాడు. రెండింట్లో దుమ్ము లేచింది. మూడోదాంట్లో రెండించుల నీళ్ళు పడ్డాయి. పక్క పొలం ఆయన అంతకన్నా లోతుకు వేయించాడు. ఏడాది తిరక్కముందే మాది ఎండిపోయింది, తోట కొట్టేశాం. ఆయనతో మా ఇంట్లో ఎవరికీ చాలా ఏళ్ళు మాటల్లేవు. మా నేల నల్లరాతి నేల, ఇసుకరాయి కాదు. అక్కడ నీరు రాతి పగుళ్ళలో మాత్రమే ఉంటుంది. ఆయన బోరూ మా బోరూ ఒకే పగులులోంచి తాగుతున్నాయని నాకు డిగ్రీ రెండో సంవత్సరంలో గానీ అర్థం కాలేదు. మా నాన్నకు చెప్పాను. విని ఊరుకున్నాడు. తర్వాతి సంక్రాంతికి ఆయన ఇంటికి వెళ్ళి వచ్చాడు.

ఆస్ట్రేలియా వాళ్ళు ఆలస్యంగానైనా పని మొదలుపెట్టారు. 1999 నుంచి 2017 వరకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, రైతులు ఖర్చు పంచుకుని వందలాది బోర్లకు మూతలు బిగించారు, మట్టి కాలువల బదులు పైపులు వేశారు. కొన్ని చోట్ల ఒత్తిడి తిరిగి పెరిగింది.

డల్హౌసీకి తూర్పున 70 కిలోమీటర్ల దూరంలో పుర్ని బోరు అని ఒకటుంది. 1963లో ఫ్రెంచ్ పెట్రోలియం కంపెనీ చమురు కోసం తవ్వింది. చమురు రాలేదు, వేడినీళ్ళు వచ్చాయి. వదిలేసి వెళ్ళారు. ఎన్నో ఏళ్ళు నీరు అలా పొంగుతూనే ఉండి ఎడారి మధ్య చిత్తడి నేల ఏర్పడి పక్షులు చేరాయి. తర్వాత ధారను బాగా తగ్గించారు. ఆ పక్షుల్ని చూసి ముచ్చటపడాలో, పోయిన నీటికి బాధపడాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

చేపలు, మనుషులు

మడుగులో దిగిన రెండు నిమిషాలకు కాళ్ళ మీద చక్కిలిగింతలు మొదలయ్యాయి. చిన్న చేపలు చర్మాన్ని కొరుకుతున్నాయి. ప్రపంచంలో మరెక్కడా లేని అయిదు రకాల చేపలు ఈ ఊటల్లో ఉన్నాయి. ఒకప్పుడు ఈ ప్రాంతంలో వానలెక్కువ, వాగులు, చెరువులు కలిసి ఉండేవి. నేల ఎండిపోయేకొద్దీ చేపలు ఈ ఊటల్లో చిక్కుబడిపోయి, వేడికి అలవాటుపడి, తరతరాలకు వేరే జాతులైపోయాయి. ఊట ఆగితే వాటికి పోవడానికి ఇంకో చోటు లేదు.

మనుషుల కథ కూడా ఉంది. వేల ఏళ్ళుగా ఈ ఊటలు లోయర్ సదర్న్ అరండ, వాంగ్‌కంగురు ఆదివాసులవి. సింప్సన్ ఎడారి లోపల వాంగ్‌కంగురు వాళ్ళు మికిరి అనే చేదబావులు చేతులతో తవ్వుకుని బతికారు. ఏ రెండు దిబ్బల మధ్య నీరుందో తల్లిదండ్రులు పిల్లలకు పాటగా, కథగా నేర్పేవారు. 1870లలో తెల్లవాళ్ళు వచ్చి పశువుల ఎస్టేట్లు పెట్టారు. నీరున్న చోటల్లా పశువులు చేరాయి.

ఈ ఊటలకు డల్హౌసీ అనే పేరు ఎలా వచ్చిందో వింటే మీరు నవ్వుతారు. ఖండం మీదుగా టెలిగ్రాఫ్ తీగ లాగడానికి సర్వే చేస్తూ వచ్చిన రిచర్డ్ నక్కీ అనే అధికారి, అప్పటి దక్షిణ ఆస్ట్రేలియా గవర్నరు జేమ్స్ ఫెర్గూసన్ భార్య లేడీ ఈడిత్ గౌరవార్థం ఆ పేరు పెట్టాడు. ఆమె ఎవరు? మన సాంఘిక శాస్త్రం పుస్తకంలో రాజ్య సంక్రమణ సిద్ధాంతం దగ్గర వచ్చే గవర్నర్ జనరల్ డల్హౌసీ కూతురు. 1853లో నిజాం దగ్గర బీరారు పుచ్చుకున్న డల్హౌసీయే. ఆ ఫెర్గూసనే తర్వాత బొంబాయి గవర్నరుగా వచ్చాడు. పూనాలోని ఫెర్గూసన్ కాలేజీ పేరు ఆయనదే. పరీక్షలో అడగరు, కానీ గుర్తుంటుంది.

ఎడారి దారుల్లో సరుకులు మోసిన ఒంటెలవాళ్ళు కూడా మన వైపువాళ్ళే. బలూచిస్తాన్, సింధ్, పంజాబ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి కరాచీ ఓడల్లో వచ్చారు. అందరినీ కలిపి 'అఫ్గాన్లు' అనేశారు. ఆ కాలంలో నాటిన ఖర్జూరం చెట్లు ఊటల చుట్టూ గుంపులుగా పెరిగి నీటిని పీల్చేస్తూ, స్థానిక చెట్లను అణిచేస్తుంటే తర్వాత చాలావరకు కొట్టేయాల్సి వచ్చింది.

1985లో మౌంట్ డేర్ అనే పశువుల ఎస్టేటు భూమిని తీసుకుని విట్జిరా పార్కు ఏర్పాటు చేశారు. 1995లో ఆదివాసుల సంస్థ అయిన ఇర్వాన్యెరెకు 99 ఏళ్ళ లీజు ఇచ్చారు. ఇప్పుడు పార్కును ప్రభుత్వం, ఆదివాసులు కలిసి నడుపుతున్నారు. 2009లో ఈ ఊటలు ఆస్ట్రేలియా జాతీయ వారసత్వ జాబితాలో చేరాయి. తమ నీళ్ళ దగ్గర తామే పరాయివాళ్ళై, మళ్ళీ హక్కు తెచ్చుకోవడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. 1927 మార్చి 20న మహద్ చౌదార్ చెరువులో బాబాసాహెబ్ అంబేడ్కర్ దోసిలితో నీళ్ళు తాగిన సంగతి ప్రతి ఏప్రిల్ 14న మన హాస్టల్ స్టేజీ మీద చెప్పుకునేవాళ్ళం కదా. అక్కడి బోర్డు మీద లీజు సంగతి చదివినప్పుడు నాకు ఆ స్టేజీయే గుర్తొచ్చింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు

మనవాళ్ళు చాలామంది ఇప్పుడు మెల్‌బోర్న్, సిడ్నీ, అడిలైడ్‌లలో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. కాబట్టి నాలుగు ముక్కలు. వెళ్తే మే నుంచి సెప్టెంబరు లోపల వెళ్ళండి. ఎండాకాలం ప్రాణాంతకం. డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా సింప్సన్ ఎడారి దారిని ఏటా మూసేస్తారు. పార్కు పాసు ముందే తీసుకోవాలి. రెండు స్పేరు టైర్లు, శాటిలైట్ ఫోను, మనిషికి సరిపడా తాగునీరు, నాలుగు రోజుల తిండి అదనంగా ఉండాలి. డీజిలు దొరికే చోటు 70 కిలోమీటర్ల దూరంలో మౌంట్ డేర్ హోటలు ఒక్కటే. చీకటి పడితే దోమలు దండుగా వస్తాయి.

ముఖ్యమైనది, వెచ్చటి మంచినీటిలో ఎక్కడైనా తల ముంచకండి, ముక్కులోకి నీరు పోనీకండి. నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబా అలాంటి నీటిలో ఉండవచ్చు. ముక్కు ద్వారా మెదడుకు చేరితే బతకడం చాలా అరుదు. ఈ జబ్బును 1965లో మొదట గుర్తించి రాసింది అడిలైడ్ డాక్టర్లే.

ఇంకొకటి. సబ్బు, షాంపూ, ఒంటికి రాసుకునే క్రీములు నీటిలో కలిస్తే చేపలకు ముప్పు కాబట్టి వాడకూడదు. నేను మొదటి రోజు పొద్దున్నే అలవాటు కొద్దీ భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టెతో బయలుదేరాను. మెట్ల దగ్గర బోర్డు చదివి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, వెనక్కి పోయి సబ్బుపెట్టె బండిలో పెట్టి వచ్చాను.